లడఖ్ పండు రసం తాగితే షుగరు మాత్రలు ఆపేయొచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. మా నాన్నగారికి 68 ఏళ్లు. చాలాకాలంగా షుగరు ఉంది. కిందటేడాది గుండెకి స్టెంటు వేశారు. రోజూ షుగరు మాత్రలతో పాటు క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వేసుకుంటారు. మా మరిది ఈమధ్య ఒక కంపెనీలో చేరి సీబక్‌థార్న్ రసం అమ్ముతున్నాడు. హిమాలయాల పండు అట, అందులో 190 పోషకాలు, ఒమేగా 3, 6, 7, 9 అన్నీ ఉన్నాయట. పొద్దున 30 మి.లీ., రాత్రి 30 మి.లీ. తాగితే మూడు నెలల్లో షుగరు మాత్రలు, ఆరు నెలల్లో గుండె మాత్రలు మానేయొచ్చని వాళ్ల మీటింగులో చెప్పారట. అర లీటరు సీసా 1,800 రూపాయలు. ఇప్పటికే రెండు సీసాలు మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. నాన్నగారు ‘తాగితే పోయేదేముంది’ అంటున్నారు. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్న మా అబ్బాయేమో ఆ మొక్క మీద నిజంగానే చాలా పరిశోధన జరిగిందని, దాని జన్యుపటం కూడా తేల్చారని అంటున్నాడు. వాడికి ఆ సబ్జెక్టు మీద సెమినార్ కూడా ఉంది. ఇంకో మాట. తాడికొండ దగ్గర మాకు రెండెకరాలుంది. అందులో ఈ మొక్క వేస్తే కాయ తామే కొంటామని కంపెనీవాళ్లు అంటున్నారట. నాకంతా టెన్షన్‌గా ఉంది. కాదంటే మరిదితో మాట పట్టింపు, అవునంటే నాన్నగారి ఆరోగ్యం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు తొందరైన విషయం. నాన్నగారి మాత్రల్లో ఒక్కటి కూడా ఆపొద్దు, తగ్గించొద్దు. ముఖ్యంగా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్. స్టెంటు అంటే రక్తనాళంలో పెట్టిన సన్నటి లోహపు గొట్టం. దాని లోపల రక్తం గడ్డకట్టకుండా ఈ రెండు మాత్రలూ కాపలా ఉంటాయి. వాటిని ఎప్పుడు ఆపాలో, రెండింటిలో ఏది కొనసాగించాలో స్టెంటు వేసిన డాక్టరుగారే చెప్పాలి. మీటింగులో మైకు పట్టుకున్నాయన చెప్పకూడదు. సొంతంగా ఆపేసి, స్టెంటు మూసుకుపోయి మళ్లీ ఎమర్జెన్సీకి వచ్చేవాళ్ల గురించి గుండె డాక్టరు ఎవరినడిగినా చెబుతారు. షుగరు మాత్రలదీ అదే దారి. కాకపోతే వాటిని ఆపితే జరిగే నష్టం నెమ్మదిగా బయటపడుతుంది, అంతే తేడా.

‘తాగితే పోయేదేముంది’ అన్న మాట దగ్గర నాన్నగారిని కాసేపు ఆపుతాను. ఈ పండు నూనె మీద జరిగిన పరిశోధనల్లో ఒకటి సరిగ్గా ఆయనకి సంబంధించినదే. ఆరోగ్యంగా ఉన్న 12 మంది మగవాళ్లకి రోజుకి 5 గ్రాముల చొప్పున నాలుగు వారాలు సీబక్‌థార్న్ నూనె ఇచ్చి రక్తం పరీక్షించారు. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు ఒకదానికొకటి అతుక్కునే గుణం తగ్గింది. కంపెనీవాళ్లు దీన్ని ‘గుండెకి మంచిది’ అని ప్రచారం చేసుకుంటారు. కానీ మీ నాన్నగారు ఆ పని చేసే మాత్రలు ఇప్పటికే రెండు వేసుకుంటున్నారు. మోతాదు తెలియని మూడోది వాటికి తోడైతే చిగుళ్ల నుంచి రక్తం రావడం, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోవడం, విరేచనం నల్లగా రావడం లాంటివి జరగొచ్చు. జరిగితీరుతుందని అనడం లేదు, 12 మంది మీద చేసిన పరిశోధనతో అంత మాట ఎవరూ అనలేరు. కానీ పన్ను పీకించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ చేయించుకోవాలన్నా ఆయన ఇది తాగుతున్నారన్న సంగతి డాక్టరుకి తెలిసి ఉండాలి. చాలామంది మాత్రల పేర్లు చెబుతారు గానీ రసాల పేర్లు చెప్పరు. రసం మందు కాదు కదా అనుకుంటారు. మరి మీటింగులో దాన్నే మందు అంటున్నారు!

ఆ పరిశోధన నూనె మీద కదా, మనది రసం కదా అని మీ మరిది అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మామూలుగా పండ్లలో నూనె గింజలో ఉంటుంది. ఈ పండులో గింజలోనూ ఉంటుంది, గుజ్జులోనూ ఉంటుంది. పైగా ఆ రెండు నూనెలూ ఒకటి కాదు. గింజ నూనెలో ఎక్కువగా ఉండేవి లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలు, అంటే ఒమేగా-6, ఒమేగా-3. గుజ్జు నూనెలో పామిటోలిక్ ఆమ్లం ఎక్కువ. ఒమేగా-7 అని ఊదరగొట్టేది దీన్నే. తాజాగా పిండిన రసాన్ని కదపకుండా ఉంచితే ఈ గుజ్జు నూనె నారింజ రంగు మీగడలా పైకి తేలుతుంది, మధ్యలో రసం నిలుస్తుంది, అడుగున మడ్డి చేరుతుంది. మీ ఇంట్లో ఉన్న సీసాని ఒక రాత్రి కదపకుండా పెట్టి పొద్దున్నే వెలుతురుకి ఎత్తి చూడండి. పైన ఏమీ తేలకుండా షర్బత్‌లా తేటగా ఉందంటే అందులో ఒమేగాలు పేరుకే. తేలకపోయినా రసం చిక్కగా ఉంటే, నూనెని మిషన్లో రసంతో కలిపేసి ఉండొచ్చు. ఆ సంగతి లేబుల్ చెప్పాలి. చెప్పకపోతే కంపెనీవాణ్ణి అడగాలి.

ఇంతా చెప్పానని పండే మోసం అనుకోకండి. పండు నిజమైనదే, గట్టిదే. హిప్పోఫే రామ్నాయిడిస్ అని దీని శాస్త్రీయ నామం. ముళ్లపొద. యూరప్ సముద్ర తీరాల నుంచి రష్యా, మంగోలియా, చైనా, టిబెట్, హిమాలయాల దాకా పెరుగుతుంది. మన దేశంలో లడఖ్, హిమాచల్‌లోని లాహౌల్-స్పితి, ఉత్తరాఖండ్, సిక్కిం, అరుణాచల్ కొండల్లో ఉంది. టిబెటన్ వైద్యంలో దగ్గుకి, కఫానికి, జీర్ణానికి శతాబ్దాలుగా వాడుతున్నారు. చైనా తన ప్రభుత్వ ఔషధ గ్రంథంలోకి 1977లో చేర్చింది. లేహ్‌లో ఉన్న మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాల ఈ పండుతో తాగే రసం తయారుచేసే పద్ధతి కనిపెట్టింది. ‘లేహ్ బెర్రీ’ పేరుతో అది మార్కెట్లోకి కూడా వచ్చింది. లడఖ్ సీబక్‌థార్న్‌కి 2023లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే భౌగోళిక) గుర్తింపు దక్కింది, మన గుంటూరు సన్నం మిరపకి ఉన్నట్టే.

అక్కడ కాయ కోయడం ఎంత నరకమో తెలిస్తే సీసా ధర చూసి అంత ఆశ్చర్యం వేయదు. పండు శనగ గింజంత. తొడిమ రెండు మూడు మిల్లీమీటర్లకి మించదు. ముళ్లున్న కొమ్మని చుట్టుకుని ముద్దలు ముద్దలుగా కాస్తుంది. లాగితే పండు చితికి రసం చేతికంటుతుంది గానీ తొడిమ ఊడిరాదు. అందుకే కింద గుడ్డ పరిచి కొమ్మల్ని కర్రలతో కొడతారు. కొన్ని దేశాల్లో కొమ్మలే నరికి, గడ్డకట్టించి, ఆ తర్వాత దులుపుతారు. కాబట్టి అసలు సరుకు చవకగా రాదు. అలాగని ఖరీదు ఎక్కువైనంత మాత్రాన అసలు సరుకే అని కూడా కాదు.

ఇక పోషకాలు. కరపత్రంలో సి విటమిన్ అంకె చాలా పెద్దదిగా వేసి ఉంటుంది. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు కూడా. కానీ అది ఏ మొక్కది? ఈ ఒక్క జాతిలోనే చాలా ఉపజాతులున్నాయి. యూరప్ రకాల్లో వంద గ్రాముల పండుకి సి విటమిన్ కొన్ని పదుల మిల్లీగ్రాముల నుంచి రెండు మూడు వందల దాకా ఉంటుంది. చైనాలో పెరిగే సైనెన్సిస్ అనే ఉపజాతిలో వెయ్యి దాటుతుంది, కొన్ని పొదల్లో రెండు వేలు కూడా దాటింది. పొదని బట్టి, ఎత్తుని బట్టి, కోసిన నెలని బట్టి మారిపోతుంది. మీరు గుంటూరువాళ్లు, మీకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మిర్చి యార్డులో ఏ వ్యాపారీ ‘మిరపకాయలు కావాలి’ అనడు. తేజానా, 334నా, బ్యాడిగా అని అడుగుతాడు. టిక్కీ (బస్తా) లోంచి గుప్పెడు తీసి, విరిచి, రంగు చూసి, తాలు ఎంతుందో చూసి అప్పుడు ధర పలుకుతాడు. తేజా ఘాటుకి ఉన్న పేరు చెప్పి బ్యాడిగి అమ్మితే ఊరుకుంటాడా? సీబక్‌థార్న్ సీసాల వ్యాపారంలో రోజూ జరిగేది అదే. చైనా పొద మీద వచ్చిన అంకె, ఫిన్లాండులో నూనె మీద వచ్చిన ఫలితం, ఢిల్లీలో ఎలుకల మీద వచ్చిన ఫలితం అన్నీ కలిపి ఒకే లేబుల్ కింద పెడతారు.

ఢిల్లీ ఎలుకలు అన్నాను కదా, అది ఊరికే అన్నది కాదు. డీఆర్‌డీఓకే చెందిన అణు వైద్య సంస్థ ఇన్మాస్‌లో ఈ పండు సారాన్ని చిట్టెలుకలకి ఇచ్చి, తర్వాత గామా కిరణాల కింద పెట్టారు. సారం అందినవి చాలావరకు బతికాయి. మంచి పరిశోధన, పేరున్నదే. అయితే ఆ సారం ఎలుకలు తాగలేదు, వాటి పొట్టలోకి ఇంజెక్షన్ చేశారు. ‘రేడియేషన్ నుంచి రక్షిస్తుంది’ అని కరపత్రం మీద రాసేవాడు ఆ సూది సంగతి రాయడు.

మనుషుల మీద జరిగిన వాటిలో నాకు నచ్చిన పరిశోధన ఒకటి చెబుతాను, ఎందుకంటే అది కంపెనీలకి నచ్చనిది. 2008లో ఫిన్లాండు పరిశోధకులు ప్రచురించారు. 254 మంది ఆరోగ్యవంతుల్ని తీసుకుని, సగం మందికి రోజుకి 28 గ్రాముల సీబక్‌థార్న్ గుజ్జు, మిగతావాళ్లకి చూడడానికి దానిలాగే ఉండే, సీబక్‌థార్న్ లేని ఉత్త గుజ్జు 90 రోజులు పెట్టారు. జలుబు తగ్గుతుందా అన్నది అసలు ప్రశ్న. తగ్గలేదు. ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నాళ్లుంది అన్నదాంట్లో రెండు గుంపులకీ తేడా లేదు. కడుపు ఇన్ఫెక్షన్లలోనూ లేదు. ఒంట్లో వాపుని సూచించే సీఆర్‌పీ అనే ప్రోటీన్ మాత్రం కొద్దిగా తగ్గింది. ఇప్పుడు కరపత్రం తిరగేయండి. ‘వాపు తగ్గుతుందని ఫిన్లాండు పరిశోధనలో తేలింది’ అని ఉంటే ఉంటుంది. జలుబు సంగతి ఉండదు.

ఇంకోటి చర్మం మీద. ఎగ్జిమా ఉన్న 49 మందికి నాలుగు నెలలు రోజుకి 5 గ్రాముల నూనె ఇచ్చారు. కొందరికి గింజ నూనె, కొందరికి గుజ్జు నూనె, కొందరికి పోల్చి చూడడానికి ఉత్త పారాఫిన్ నూనె. గుజ్జు నూనెతో తగ్గింది. పారాఫిన్‌తోనూ తగ్గింది! గింజ నూనెతో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ‘మా అత్తగారికి తగ్గింది’ అనే సాక్ష్యాలు వినేటప్పుడు ఈ పారాఫిన్‌ని గుర్తుపెట్టుకోవాలి. ఏమీ ఇవ్వకపోయినా కొంతమందికి కొంత తగ్గుతుంది. ఎంత తగ్గిందన్నది పక్కన ఇంకో గుంపుని పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. మీటింగుల్లో ఆ రెండో గుంపు ఉండదు.

కాస్త ఆశ కలిగించేది కళ్లు పొడిబారడం మీద. 100 మందితో మొదలుపెట్టి, రోజుకి 2 గ్రాముల నూనె మూడు నెలలు ఇస్తే, చలికాలంలో కన్నీటి చిక్కదనం పెరగడం కొంత తగ్గింది. కళ్ల మంట, ఎరుపు కూడా కొంత నయమనిపించింది. అదీ నూనెతోనే, రసంతో కాదు.

మరి షుగరు? పండు తిన్నాక రక్తంలో ఇన్సులిన్, గ్లూకోజు ఎలా మారతాయని చూసిన చిన్న చిన్న పరిశోధనలున్నాయి, ఒక్కోదాంట్లో పదిమందో, కొన్ని పదుల మందో. కనిపించిన మార్పులు స్వల్పం. షుగరు మాత్ర పనిని ఈ రసం చేస్తుందని తేల్చిన పరిశోధన మాత్రం లేదు. ఉండి ఉంటే మీ మరిది కంటే ముందు మందుల కంపెనీలు లేహ్‌లో దిగేవి.

పైగా ఈ పండు పులుపు మామూలు పులుపు కాదు. మాలిక్, క్వినిక్ ఆమ్లాలు దండిగా ఉంటాయి. అసలు రసం చెంచాడు నాలుక మీద వేసుకుంటే చింతకాయ తిన్న మొహం పెడతాం. అంత పుల్లటి దాన్ని జనం ఇష్టంగా తాగుతున్నారంటే అందులో ఏదో తీపి కలిసినట్టే. సీసా తిప్పి పోషకాల పట్టీలో ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరుస చూడండి. వంద మి.లీ.కి 14 గ్రాములని ఉందనుకుందాం. రోజుకి 60 మి.లీ. తాగితే ఎనిమిది గ్రాముల పైమాటే, సుమారు రెండు చెంచాల పంచదార. షుగరు తగ్గడానికి రోజూ రెండు చెంచాల పంచదార! పండు రసం ఎంత శాతం అన్నది కూడా అక్కడే చూడండి. పదిహేను శాతం రసం, మిగతాది నీళ్లు, పంచదార అయితే పైన చెప్పిన పరిశోధనల గోలంతా మనకి అక్కర్లేదు. ఆహార పదార్థాలకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల నంబరు ఉందో లేదో కూడా చూడండి. ఆ నంబరు ఉంటే అది ఆహారంగా అమ్మడానికి అనుమతి ఉందని. జబ్బు తగ్గిస్తుందని ఎవరో ధ్రువీకరించారని కాదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడడం అమ్మేవాళ్లకి అలవాటు.

లెక్క కూడా చూసుకోండి. రోజుకి 60 మి.లీ. చొప్పున అర లీటరు సీసా ఎనిమిది రోజులకే అయిపోతుంది. నెలకి నాలుగు సీసాలు, 7,200 రూపాయలు. పెద్దవాళ్లకి రోజుకి కావలసిన సి విటమిన్ మగవాళ్లకి 80, ఆడవాళ్లకి 65 మిల్లీగ్రాములని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. మన జామకాయ ఒక్కటి చాలు దాన్ని దాటించడానికి. ఉసిరి సంగతి చెప్పక్కర్లేదు. ఒమేగా-3 కావాలంటే అవిసె గింజల పొడి ఉంది. చేపలు తినేవాళ్లయితే అసలు ప్రశ్నే లేదు. ఒమేగా-7 అంటారా, అది తినకపోతే వచ్చే లోపం అంటూ ఏదీ లేదు. మన ఒళ్లే దాన్ని తయారుచేసుకుంటుంది. లడఖ్‌లో చలికాలం ఆరు నెలలు పచ్చికూర దొరకని ఊళ్లకి ఈ పండు వరం. బ్రాడీపేటలో తోపుడు బండి గుమ్మం ముందుకే వస్తుంది.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఈ మొక్కకి 12 జతల క్రోమోజోములు. 2022లో చైనా బృందాలు దీని జన్యుపటాలు ప్రచురించాయి. ఒక బృందం నూనె, సి విటమిన్ తయారయ్యే దారుల్ని వెతికింది. ఇంకోటి వేరు బుడిపెల మీద పనిచేసింది. ఈ పొద గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది. మన మినుము, వేరుశనగ లాగే అనుకుంటాం గానీ, వాటి బుడిపెల్లో ఉండేది రైజోబియం, దీని బుడిపెల్లో ఉండేది ఫ్రాంకియా అనే వేరే బాక్టీరియా. రెండూ మొక్కలోని ఒకే రకం జన్యువుల్ని మీట నొక్కినట్టు వాడుకుంటాయా అన్నది పెద్ద ప్రశ్న. చాలావరకు అవుననే ఆ పటం చెబుతోంది. పప్పుధాన్యం కాని పంటలకి కూడా నత్రజని పట్టే గుణం అబ్బించాలని కలలు కనేవాళ్లకి ఇది బంగారం. వ్యవసాయం చదివే కుర్రాడికి ఇందులో ఆసక్తి పుట్టడం సహజం, పుట్టాలి కూడా. కానీ జన్యుపటం తేలినంత మాత్రాన మందు తేలినట్టు కాదని వాడికి చెప్పండి. వరి జన్యుపటం 2005లోనే పూర్తయింది, అందులో మన దేశానికీ భాగం ఉంది. అయినా షుగరు ఉన్నవాళ్లని అన్నం తగ్గించమనే అంటున్నాం.

రెండెకరాల సంగతి. వేయొద్దు. ఇది చలి కోరే పొద. శీతాకాలం ఆకులు రాల్చి నిద్రపోయి, గడ్డకట్టే చలి తిన్నాక గానీ వసంతంలో సరిగ్గా పూత పెట్టదు. తాడికొండలో పుష్య మాసం చలికి మనం దుప్పటి కప్పుకుంటాం గానీ దానికి అది చలే కాదు. ఆ మీదట మే నెల ఎండలు. నల్లరేగడిలో వానాకాలం నీళ్లు నిలిస్తే దాని వేళ్లు తట్టుకోవు. ఇసుక, గులకరాళ్లున్న నదీతీరాలు దానికి ఇష్టం.

ఒకవేళ బతికినా ఇంకో చిక్కుంది. ఇందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగది కాయదు, పుప్పొడి ఇస్తుంది, అదీ గాలికి. ఆరో ఎనిమిదో ఆడ పొదలకి ఒక మగ పొద చాలు. గింజ నాటితే సుమారు సగం మగవే వస్తాయి. ఏది ఏదో మూడు నాలుగేళ్లకి పూమొగ్గ వేసేదాకా కంటికి తెలియదు. అందుకే బాగా కాసే ఆడ పొద కొమ్మలు తెచ్చి అంటు కట్టడమో, కత్తిరించి నాటడమో చేస్తారు. లేతాకు డీఎన్ఏ చూసి ముందే తేల్చే గుర్తుల మీద మన దేశంలోనూ పని జరిగింది. సైబీరియాలోని బర్నౌల్‌లో లిసవెంకో సంస్థవాళ్లు దశాబ్దాల తరబడి ముళ్లు తక్కువ, తొడిమ పొడుగు, పండు పెద్దది ఉండే రకాల్ని ఎంచుకుంటూ వచ్చారు. అంత కష్టం అక్కడి చలినేలల కోసం పడ్డారు. ‘మొక్క మేమే ఇస్తాం, కాయ మేమే కొంటాం’ అనేవాణ్ణి ఒక్కటే అడగండి: మొక్క ఏ రకం, ఆడదా మగదా, ఆంధ్రలో ఇంతకుముందు ఎక్కడ కాసింది, ఆ తోట చూపిస్తావా? ఈము పక్షుల్ని ఇలాగే ‘మేమే కొంటాం’ అని అంటగట్టారు. చివరికి మేత డబ్బులు కూడా రాక రైతులు వాటిని రోడ్ల మీద వదిలేశారు. ఇంకా అనుమానం ఉంటే లాం ఫారం, అదే లాంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం, మీకు ఆటో దూరమే. వెళ్లి శాస్త్రవేత్తల్ని అడగండి, సలహాకి డబ్బులు తీసుకోరు.

చివరికి మీ మరిది. నిజానికి మీ ఉత్తరంలో మీరు ఎక్కువ బాధపడుతున్నది ఇక్కడే అనిపించింది. అతన్ని దోషిలా నిలబెట్టకండి. అతనూ డబ్బు పెట్టి కిట్ కొనుక్కుని, కింద ఇద్దర్ని చేర్చమంటే ఎవర్ని చేర్చాలో తెలియక ఇంట్లోవాళ్ల దగ్గరికే వచ్చుంటాడు. అందరి ముందు కాకుండా ఒక్కడున్నప్పుడు కూర్చోబెట్టి, ‘నాన్నగారి డాక్టరు వద్దన్నారు, స్టెంటు ఉన్నవాళ్లకి ఇది కుదరదు’ అని చెప్పండి. అబద్ధం చెప్పమనడం లేదు. ముందు సీసా లేబుల్ ఫోటో తీసుకెళ్లి డాక్టరుగారికి చూపించండి, ఆయన ఆ మాటే అనడానికి అవకాశం ఎక్కువ. తెరవని సీసాలు తిరిగిచ్చేయండి. కిట్ కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో సరుకు వాపసు గడువు ఎంతుందో చూసుకోమనండి, ఉంటే ఆ గడువులోపే బయటపడొచ్చు. మనుషుల్ని చేర్పించడం మీదే నడిచే పిరమిడ్ పథకాల్ని 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నిషేధించాయని కూడా చెప్పండి.

ఇంకో హెచ్చరిక, ఇది అతని మేలు కోసమే. వాట్సాప్ స్టేటస్‌లో ‘షుగరుకి శాశ్వత పరిష్కారం’ లాంటివి పెడుతుంటే వెంటనే తీసేయమనండి. షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం జబితాలో షుగరు ఉంది. కేసంటూ వస్తే ముందు దొరికేది మైకు పట్టుకున్నాయన కాదు, ఫోన్ నంబరు పెట్టి పోస్టు చేసినవాడు.

నాన్నగారు ఇప్పటికే కొన్నాళ్లు తాగి ఉంటే కంగారు పడక్కర్లేదు. రసం ఆపేసి, మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేయించండి. చిగుళ్లు, విరేచనం సంగతి ఒకసారి అడగండి. తేడా ఉంటే అదే రోజు డాక్టరుకి చూపించండి. రుచి చూడాలని మరీ సరదాగా ఉంటే డాక్టరుతో చెప్పి ఒకరోజు చెంచాడు నాలుక మీద వేసుకోమనండి. ఆ పులుపుకి ఆయనే రెండోసారి అడగరు.

మీ అబ్బాయికి సెమినార్ ఉందన్నారు కదా. సీబక్‌థార్న్‌లో ఆడ, మగ తేల్చే డీఎన్ఏ గుర్తుల మీద మాట్లాడమనండి, బాగుంటుంది. దాని పక్కనే మన తాటిచెట్టుని కూడా పెట్టమనండి. అందులోనూ పోతుతాడు వేరు, పెంటితాడు వేరు. గింజ నాటిన రైతుకి ఏది వచ్చిందో తెలియడానికి పన్నెండేళ్ల పైనే పడుతుంది. తాటి మీద రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి పరిశోధనా కేంద్రంలో ఏళ్లుగా పని జరుగుతోంది. లేహ్ దాకా వెళ్లలేకపోయినా సెలవుల్లో అక్కడికి వెళ్లి రావచ్చు.